ట్యాంకుకు కుట్టిన చొక్కా

బావగారికి,

అక్కా మీరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. సోలార్ హీటర్ రాయితీ కోసం తిరిగితే చెప్పులరగడం తప్ప ఇంకేం రాదని అందరి ముందూ నవ్వారు కదా, అందుకే ఈ ఉత్తరం.

మొదటిసారి దరఖాస్తు తిరిగొచ్చిన మాట నిజమే. తప్పు నాదే. కుట్టుపని చేసే చెయ్యి ఊరుకుంటుందా? వేడి నిలవాలని మేడమీది హీటరు ట్యాంకుకు దూది పెట్టి నిండా చొక్కా కుట్టేశాను. తనిఖీకొచ్చినాయనకు ట్యాంకు మీద కొట్టిన నంబరు కనబడలేదు. "మూట ఉంది, ట్యాంకు లేదు" అని రాసిపోయాడు!

నేను వదుల్తానా? నంబరు దగ్గర గుడ్డ కత్తిరించి, ఆ ముక్కనే మూతగా కుట్టి గుండీ పెట్టి మళ్ళీ పిలిచాను. ఆ రోజు మబ్బు పట్టింది. ఆయన గుండీ విప్పి నంబరు రాసుకున్నాడు. కుళాయి తిప్పి, చుర్రుమనేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమ్మా, మా ట్యాంకుకీ ఇలాంటిది కుట్టిపెడతావా?"

నిన్న రాయితీ వచ్చింది. పెట్టిన ఖర్చులో పావు వంతే. దాంతో కొత్త కుట్టుమిషను కొన్నాను, ఎందుకంటే ఆయన వీధిలోనే తొమ్మిది ట్యాంకులు చొక్కాల కోసం కాచుకున్నాయి.

మీరూ గుట్టుగా హీటర్ పెట్టించారని అక్క చెప్పింది. మీ చొక్కాకు రాయితీ ఇస్తాను. దరఖాస్తు మాత్రం మీరే స్వయంగా తెచ్చివ్వాలి, చెప్పులరిగినా సరే.

మీ మరదలు