నీ నవల కాపీ కాదు

గంగారాం,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఎట్లున్నవో తెల్వదు, అసలు ఎక్కడన్న ఉన్నవో లేవో కూడ తెల్వదు. అయినా నీ పుస్తకం సంగతి నీకే చెప్పాలె కదా...

నీ నవల మళ్ల అచ్చేస్తున్నరు. సంతోషపడకు. అట్ట మీద 'ఒక ఇంగ్లిష్ నవలకు అనుసరణ' అని వేస్తరట. నిన్న నిజామాబాద్‌ల నీ సంస్మరణ సభ పెట్టి మరీ ప్రకటించిండ్రు. 'మన పిల్లలు ఇట్ల చెయ్యరు, ఇది తెల్లోళ్ల పిల్లల కథ' అని అప్పట్ల నిన్ను చీల్చి చెండాడిన విమర్శకుడే నీ ఫొటోకు దండ వేసిండు. అనుసరణ అయినా గొప్పదే అన్నడు. ఎంత దయ! నీ నవల చదవనోళ్లు ఇంకో ఇద్దరు చెరో అరగంట మాట్లాడిండ్రు.

ఏడో తరగతి దాక ఉర్దూల చదివినోనివి. ఇంగ్లిష్‌ల ఉత్తరమొస్తే నాతోటి చదివించుకునేటోనివి. దీవి మీద చిక్కి మృగాలైన తెల్ల పిల్లల ఆ ఇంగ్లిష్ నవల నువ్వెప్పుడు చదివినవ్ రా? ఒక్కడన్న అడిగిండా?

అడిగినా నువ్వేమనేటోనివి... "ఊకో రా భూమా, ఆ మాట అనేటోళ్లు మంజీర ఏట్ల ఎన్నడు దిగలే" అని బీడి ముట్టిచ్చేటోనివి.

దిగింది మనం. దసరా సెలవులు. బోధన్ అవతల వలసొచ్చిన ఆంధ్ర రైతుల క్యాంపు తోటల చెరుకు దొంగిలించి, ఏటి నడుమ ఇసుక దిబ్బ మీదికి పోయినం, అయిదుగురు పోరగాళ్లం. పైన డ్యాము గేట్లు ఎత్తిండ్రు. రెండు రోజులు నాలుగు దిక్కుల నీళ్లే.

చెరుకు పంచుకునేటప్పుడు మనకొక కట్టుబాటు ఉండె, యాదున్నదా? కత్తి పట్టి కోసినోడు ఆఖరున తీసుకోవాలె. తియ్యటి అడుగు ముక్క వేరేటోళ్లకు, చప్పటి కొస కోసినోనికి. మొదటి రోజు అట్లనే నడిచింది. రెండో రోజు కత్తి పట్టినోడు అడుగు ముక్క తనే తీసుకున్నడు. ఇదేందిరా అని సాయిలు ఒక్కడే అడిగిండు. అడిగినందుకు వాన్ని నీళ్లల నిలబెట్టినం. నడుం దాక వచ్చినయి, రొమ్ము దాక వచ్చినయి. పైకి రాబోతే కత్తి చూపించినం. వాడు అవ్వా అవ్వా అని ఏడుస్తుంటే నవ్వినం. బెస్తోళ్లు పుట్టి వేసుకొని రాకపోతే...? వాడే ఆడుకునేటందుకు దిగిండని వాళ్లకు చెప్పినం.

ఆ కత్తి నాది.

నవలల నవ్విన పోరనికి నీ పేరే పెట్టుకున్నవ్. కత్తి పట్టినోని పేరు మాత్రం మార్చినవ్. నన్ను కాపాడుదామనా? ఎన్నడన్న నేనే చెప్పుకుంటననా?

ఇంకొకటి నీకు తెల్వదు. తెలిసే ఊకున్నవో ఏమో... రాతప్రతి ముందుగాల నాకే ఇచ్చి "తప్పుంటే చెప్పు, తీసేస్త" అన్నవ్. తప్పు లేదు, అదే నా భయం. కాలేజీల అప్పుడు ఆ ఇంగ్లిష్ నవలే పాఠం చెప్తున్న. ఇది నిజంగ జరిగిందా అని ఎవరన్న అడుగుతరేమోనని, పత్రిక సంపాదకునితోటి 'ఇంగ్లిష్‌ల ఇట్లాంటిదే ఒకటున్నది, అది చూసి రాసినట్టున్నడు' అన్న. ఆ ఒక్క మాట నలభై ఏండ్లు నిన్ను వెంటాడింది. ఇంక విమర్శకున్ని తిట్టి ఏం లాభం? ఆయన నోటికి ఆ మాట అందించింది నేను. మనిషిల మృగం ఉంటదని ఏటేటా తెల్లోళ్ల పిల్లలను చూపించి పాఠం చెప్పిన, మార్కులు వేసిన. థూ...

నిన్న సభల లేచి మైకు గుంజుకున్న. అంత చెప్పిన. దిబ్బ, కత్తి, సాయిలు, సంపాదకుడు... ఏదీ దాచలే.

చప్పట్లు కొట్టిండ్రు గంగారాం! మిత్రుని పరువు కోసం ముసలాయన నిందంత నెత్తిన వేసుకున్నడట. స్నేహమంటే ఇదేనట. నాకూ ఒక శాలువా కప్పిండ్రు. అట్ట మాత్రం మారదట.

దిబ్బ మీద మనతోటి ఉన్న మిగిలిన ఇద్దరూ చచ్చిపోయిండ్రు. సాయిలు రెంజల్‌ల ఉన్నడు. ఆ దిబ్బ దిగినంక వాడు మనతోటి మాట్లాడలే. ఇప్పుడు వాడొచ్చి అవునంటేనే నీ పేరు మీది మరక పోతది. వస్తడా? ఏ మొఖం పెట్టుకొని రమ్మంట? నీ పుస్తకం మాట ఎత్తకముందు, నా తరఫున అడగాల్సింది ఒకటున్నది. బతుకంత చదివిన, ఆ ఒక్క మాట ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వదు...

రేపు పొద్దుగాల బస్సుకు రెంజల్ పోతున్న. వాడు తలుపు తీసేదాక బయట కూసుంట. పొమ్మంటే లేచి వస్త. ఎల్లుండి మళ్ల పోత.

నీ
భూమయ్య