ఊసరవెల్లి కన్ను తెరిచేదాకా

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గోరింట చెట్టు మీద నువ్వు పెంచిన ఊసరవెల్లి ఇప్పటికీ తెల్లారగానే లేవదు. ఎండ తగిలాకే ఒక పక్క నల్లబడి, ఒక కన్ను తెరుస్తుంది. "జర ఆగుర్రి, దాన్ని ఎండనే లేపుతది" అనేవాడివి.

ఇవాళ జడ్చర్లలో నా కొలువు మొదటిరోజు. బయలుదేరుతుంటే పెద్దమ్మ అడ్డొచ్చింది.

"పొద్దుగాల్నే ఆ ఊసరవెల్లి మొఖం చూడకు బిడ్డా, అరిష్టం. మీ అమ్మను గూడ లోపల్నే ఉండమను."

నువ్వున్నన్నాళ్లూ మంచి శకునమని అమ్మనే ఎదురు రమ్మనేవాళ్లు.

అమ్మ చేయి పట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాను. ఊసరవెల్లి కన్ను తెరిచాక, అమ్మను ఎదురు రమ్మన్నాను. వచ్చింది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది.

"చెప్పిన గదా!" అంది పెద్దమ్మ.

"ఇంకో బస్సొస్తది పెద్దమ్మా. రేపు గూడ అమ్మనే ఎదురొస్తది" అన్నాను.