బకెట్లో నానిన నల్లబెల్లం

సారపాక నుంచి

అక్కకు,

నీ చెల్లెలు ఎస్తేరు ప్రభువు పేరట చెప్పే వందనాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఈ చలికి అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? సత్తుపల్లిలో కొన్న నూనె అయిపోతే బావ చేత మళ్ళీ తెప్పించు, పొదుపు చేయకు. మేం ముగ్గురం బాగున్నాం. జ్వరాలు లేవు, తిండికి లోటు లేదు. దీవెన రోజూ స్కూలుకి పోతోంది, ముందు పన్ను ఒకటి ఊడింది. నీ మరిదికి కాగితం మిల్లులో పని నడుస్తోంది. ఇంతవరకు అమ్మకు చదివి వినిపించు. మిగిలింది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే అమ్మ వచ్చి పక్కనే కూర్చుంటుంది. తనకు సరిగ్గా వినపడదని నువ్వు స్పీకర్ పెడతావు. క్రిస్మస్ పాటలు పాడుతూ తిరిగే కారల్స్ వాళ్ళు వచ్చారా, బిస్కెట్లు తిన్నారా, ఏమన్నారు అని ఒకటే అడుగుతుంది. పండగ నాడు అడిగితే సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. నాకే నోరు రాలేదు.

ముందు ఇక్కడి సంగతి చెప్తాను. నీ మరిది ఒక కాంట్రాక్టరు కింద యార్డులో చేస్తున్నాడు. వెదురు, జామాయిలు లారీల మీద వస్తాయి, అవి దింపించాలి, పేర్చాలి. సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి, వేణ్ణీళ్ళు కాచి పోస్తాను. కౌలుకు మిర్చి వేసి రెండేళ్ళు మునిగిన దాని కంటే ఇదే నయం, అబద్ధం చెప్పను. నేను పొద్దున పూట ఒక టిఫిన్ సెంటర్లో చట్నీలు రుబ్బి, గిన్నెలు తోమి వస్తాను. గోదావరి మీది మంచు బారెడు పొద్దెక్కినా వదలదు. గాలి ఇటు తిరిగినప్పుడు మిల్లు వాసన అన్నంలోకి కూడా వస్తుంది. దానికి అలవాటు పడ్డాం. అలవాటు కానిది మనుషులకే. ఇక్కడ ఎవరు పరిచయమైనా పేరు కంటే ముందు పర్మనెంటా, కాంట్రాక్టా అని అడుగుతారు. కాంట్రాక్టు అనగానే సరేలే అన్నట్టు తల ఊపి, ఇంకో మాట ఎత్తుకుంటారు.

ఒక్క చర్చిలోనే ఆ ప్రశ్న వేయలేదు. మా ఇళ్ళ లైను చివర రేకుల షెడ్డు, అదే చర్చి. సంఘ పెద్ద భార్య విజయమ్మ మాకు రెండిళ్ళ అవతల ఉంటుంది. అందరూ విజయమ్మగారు అంటారు. నేనూ అనేదాన్నే, ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. మొదటి ఆదివారమే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను అక్కా, సంతోషంతోనే.

అందుకే డిసెంబరు రాగానే ఆమె దగ్గరికి వెళ్ళి, కారల్స్ మా ఇంటికి కూడా రావాలని అడిగాను. తప్పకుండా వస్తామంది. అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. మన ఊళ్ళో కారల్స్ ఆఖరి ఇల్లు మనదే కదా. డోలు దించి, అమ్మ బిస్కెట్లు తిని, టీ తాగితే గానీ ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఈ ఊళ్ళో నాకు చుట్టం లేదు, పక్కం లేదు. వాళ్ళొచ్చి నా గుమ్మంలో ఒక్క పాట పాడి, నా చేతి తిండి తింటే నేనూ ఇక్కడి మనిషినైపోతానని అనుకున్నాను. నా ఆశ అంతే. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఆ ఆశతోనే నల్లబెల్లం పంపమని నీ ప్రాణం తీశాను. మామూలు బెల్లంతో ఆ రంగు రాదు, కొరికితే ఆ చిరుచేదు తగలదు. బావ దిమ్మను సంచిలో వేసి, బస్సులో కాళ్ళ కింద పెట్టుకుని తెచ్చాడు. ఎవడన్నా పట్టుకుంటే మరదలి బిస్కెట్లకని చెప్తా, నమ్మితే నమ్ముతాడు అని నవ్వాడు. నేనూ నవ్వాను. నల్లబెల్లమంటే సారా కాయడానికేనని, అడవి పల్లెల వైపు పోయే ప్రతి సంచీ మీద కన్నుంటుందని నాకు తెలియక కాదు. మన ఇంట్లో నల్లబెల్లానికి వేరే లెక్క ఉంది, అందుకని నవ్వాను.

నీకు బాగా గుర్తుండాలి, నాకంటే పెద్దదానివి. నాన్న సారా కాయడానికి దాచుకున్న దిమ్మను ఒక పండక్కి అమ్మ రోకలితో పగలగొట్టి, శొంఠి, లవంగాలు దంచి కలిపి, ఇసుక పోసిన దాకలో బిస్కెట్లు కాల్చేసింది. నాన్న దెబ్బలు తన వీపు మీద పడుతుంటే మన చేతుల్లో బిస్కెట్లు పెట్టింది. ఆ తర్వాత నాన్న బెల్లం తేవడమూ మానలేదు, పండక్కి అమ్మ అందులో నుంచి తీయడమూ మానలేదు. చివరికి ఆ సారాయే ఆయన్ని తీసుకుపోయింది. ఆ ఇంట్లో పుట్టిన నేను సారా కాస్తానా అక్కా?

కాస్తాననే అనుకున్నారు. ఎలాగో చెప్తాను విను. నువ్వు పంపింది గానుగ దగ్గరి అడుగు బెల్లం కదా, మట్టి, పిప్పి ఉంటాయి. అమ్మ చేసినట్టే ముందు రోజు పొద్దుగూకాక బకెట్లో నానబెట్టాను, మట్టి అడుగున పేరుకుంటే పైన తేట వంచుకోవచ్చని. ఈగలు పడకుండా మూతికి పాత చీర ముక్క కట్టి, పెరట్లో ఒక మూలకు పెట్టాను. సారా కాసేవాళ్ళు బెల్లం ఊరబెట్టేది కూడా సరిగ్గా అలాగేనని నాకు ఆ క్షణాన తట్టలేదు. మన ఇంట్లో అలా నానిన బెల్లాన్ని పండగ పనిగానే చూసి పెరిగాను.

తెల్లారి విజయమ్మ కరివేపాకు కోసం వచ్చింది. బకెట్ వైపు చూసింది, పైన కట్టిన గుడ్డ చూసింది, నా ముఖం చూసింది. ఏమీ అడగలేదు. రెండు రెబ్బలు తుంపుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాట అడిగి ఉంటే గుడ్డ విప్పి చూపించేదాన్ని. అరచేతిలో పోసి రుచి చూడమనేదాన్ని.

మధ్యాహ్నం కాకముందే జీపు వచ్చింది. సారా చెకింగ్ వాళ్ళు. ఎవరు చెప్పారో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. లైను లైనంతా వచ్చి మా పెరట్లో నిలబడింది. నీ మరిది పనిలో ఉన్నాడు. కేసు రాస్తే నా సంగతి అటుంచు, ఆయన గేటు పాసు పోతుంది. వాళ్ళలో పెద్దాయన వంగి గుడ్డ విప్పాడు.

"ఏందమ్మా ఇది?"

"బిస్కెట్లకు సార్. క్రిస్మస్ కోసం."

"నల్లబెల్లంతోని బిస్కెట్లా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. వేలు ముంచి వాసన చూశాడు, నాలుకకు రాసుకున్నాడు. పులిసిన వాసన లేదు, సారా ఊటలో వేసే తుమ్మచెక్క లేదు. ఇంట్లోకి వచ్చి మైదా, డాల్డా, దంచి పెట్టిన శొంఠి చూశాడు. పారబోయమని కూడా అనలేదు. పోతూ పోతూ మాత్రం ఒక మాట చెప్పాడు.

"గింత బెల్లం ఒక్కకాడ నానబెట్టకమ్మా. ఇంకొకడొస్తే నా లెక్క వాసన చూడడు."

ఖాకీ బట్టల మనిషి, నా పేరు కూడా తెలియనివాడు, వాసన చూసి నిజం తెలుసుకుని వెళ్ళాడు. నా పక్కన మోకరించి ప్రార్థన చేసేవాళ్ళకు ఆ మాత్రం ముక్కు లేకపోయింది. జీపు వచ్చింది అందరూ చూశారు. ఊరికే వెళ్ళిపోయింది మాత్రం ఎవరికీ కనపడలేదు. సాయంత్రానికి టిఫిన్ సెంటర్ దాకా పాకింది. ఎంత ఇచ్చి పంపించావని మా ఓనరమ్మ నన్ను నవ్వుతూనే అడిగింది.

అయినా పట్టుదలతో ఆ సాయంత్రమే పాకం పట్టాను. పిండి కలిపి, ముద్దలు చేసి, బేకరీ బట్టీకి తీసుకెళ్ళాను. ఇక్కడ పండగ ముందు ఎవరి పిండి వాళ్ళు తెచ్చి కాల్పించుకుంటారు, కూలీ ఇస్తే చాలు. బట్టీ మనిషి రంగు చూసి మాడిపోతున్నాయని తొందరపడ్డాడు. వాటి రంగే అంత, ఉండనివ్వమన్నాను. బాగా వచ్చాయి అక్కా. అమ్మ చేతివంత కాదు గానీ, అంచులు పగిలి, మధ్యలో మెత్తగా, అచ్చం అలాగే వచ్చాయి. రెండు పెద్ద డబ్బాలు నిండాయి.

మర్నాడు విజయమ్మ భర్త మిల్లు గేటు దగ్గర నీ మరిదిని పక్కకు పిలిచి, ఈసారికి కారల్స్ మీ ఇంటికి రావడం కుదరదులే అన్నాడట. నేను చెప్పులు వేసుకుని నేరుగా విజయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"నీ మీద నాకేం అనుమానం లేదు బిడ్డా. కానీ తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. సంఘం పేరు పోతది. ఈ ఒక్క ఏడు ఊకో."

"తాగింది పాలేనని మీకు తెలుసు కదమ్మా. ఆ మాట మీరే చెప్పండి అందరికీ."

పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్ళింది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మాడిన వాసన ఏమీ రాలేదు. ఆమె మళ్ళీ బయటికి రాలేదు.

కారల్స్ సాయంత్రం సంగతి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. దీవెన సండే స్కూలు పిల్లలతో కలిసి పాడుతోంది. నెల నుంచి పాటలు నేర్చుకుంది, ఎర్ర టోపీ కూడా ఇచ్చారు. దాన్ని మానిపించడానికి మనసొప్పలేదు. పొద్దు వాలుతుండగా డోలు వినపడింది. విజయమ్మ ఇంటి ముందు పాడారు. మా పక్కింటి ముందు పాడారు. నేను మంచి చీర కట్టుకుని, పళ్ళెంలో బిస్కెట్లు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వస్తారని కాదు. దాటిపోయేవాళ్ళు నన్ను చూసి దాటిపోవాలని.

దాటిపోయారు. కొందరు నేల చూశారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. పాట మాత్రం ఆపలేదు. మధ్యలో మన దీవెన ఉంది. మా ఇంటి ముందుకు రాగానే అలవాటుగా ఆగింది. టీచర్ దాని చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అది వెనక్కి చూసుకుంటూ, పాడుతూనే వెళ్ళింది. నన్ను కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు అక్కా. నా బిడ్డ నోటితోనే పాడించుకుంటూ నా గుమ్మం దాటించారు.

ఇంటికొచ్చి టోపీ తీసి అడిగింది. ఇక్కడి పిల్లల మాట బాగా పట్టుకుంది.

"మన ఇల్లు మర్చిపోయిన్రా అమ్మా? నేను చెప్పిన, టీచర్ ఇనలే."

అవును, మర్చిపోయారు అన్నాను. నీ మరిది లేచి బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు.

ఇంకా ఉంది. పండగ వెళ్ళాక విజయమ్మే మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. కొత్త సంవత్సరం ఆరాధనకు బయటి నుంచి పెద్దలు వస్తున్నారట, వాళ్ళకు పెట్టడానికి ఏదైనా కావాలట. నా బిస్కెట్లు ఎంత బాగున్నాయో బట్టీ మనిషి ఆమెకు చెప్పాడట.

"నువ్వే చెయ్యాలె బిడ్డా. పిండి మేమిస్తం. నల్లబెల్లం మాత్రం వద్దు, చక్కెరేసి చెయ్యి. ఎవరన్నా అడిగితే బేకరీల కొన్నమని చెప్త."

"చక్కెరవి బేకరీలో ఉంటాయమ్మా. నిజంగానే కొనండి" అన్నాను.

గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఒక పూటంతా హాయిగా అనిపించింది, దాచడమెందుకు. ఆదివారం వచ్చేసరికి మళ్ళీ ఎక్కడ కూర్చోవాలన్న బెంగ పట్టుకుంది. వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాను. పక్కన చోటున్నా ఎవరూ వచ్చి కూర్చోలేదు. నీ మరిది ఇక ఆ చర్చికి రానంటున్నాడు. నాకు దేవుడి మీద కోపం లేదు, ఆయన్ని వీళ్ళకు మాత్రమే వదిలేయడం ఇష్టం లేక వెళ్తున్నాను.

ఇదంతా చదివి బావ మీద కేకలు వేయకు, బెల్లం తేవడం ఆయన తప్పు కాదు, అడిగింది నేను. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త చింతపండు, కందిపప్పు పంపించు, ఇక్కడి పప్పు ఎంతకీ ఉడకదు. బెల్లం మాత్రం ఏ రంగుదీ పంపకు. మేం బాగున్నాం, నువ్వు దిగులు పెట్టుకోకు. బావకు, మీ అత్తయ్యకు, మన ఊరి పాస్టరయ్యగారికి మా వందనాలు. పిల్లలకు ముద్దులు. అమ్మ రోజూ చేసే ప్రార్థనలో నా పేరు, నీ మరిది పేరు, దీవెన పేరు మరవకుండా తలవమని చెప్పు.

ఇక అమ్మ నిన్ను అడుగుతుంది. కారల్స్ వాళ్ళు మా గుమ్మం ముందు నుంచే పాడుకుంటూ వెళ్ళారని చెప్పు. మనవరాలు అందరికంటే గట్టిగా పాడిందని చెప్పు. అందులో అబద్ధం లేదు. బిస్కెట్లు తిన్నారా అంటే, రెండు డబ్బాలూ ఖాళీ అయ్యాయని చెప్పు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అదీ నిజమే అవుతుంది. పూటపూటా ముగ్గురం కూర్చుని తింటున్నాం.

మీ అందరి దీవెనలు కోరే
నీ చెల్లెలు
ఎస్తేరు