అమ్మకొచ్చే తోట మెయిళ్లు

తమ్ముడూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. నువ్వొచ్చేదాకా పక్కింటి పిన్నిగారు అమ్మ దగ్గర కూర్చుంటారు. అమ్మ లేవగానే మాత్ర వేయి. వీధి తలుపు గడియ పెట్టే ఉంచు.

అమ్మకి చందా కట్టిన తోటపని పత్రిక, దాని మెయిళ్లు దండగేమో, మానేద్దామా అని అడిగావు కదా. మెయిళ్లు నిన్న ఆపేశాను. సోమవారం వచ్చినదాంట్లో గులాబీ కొమ్మలు కత్తిరించే సమయం ఇదేనని ఉంది. అమ్మ కత్తెర పట్టుకుని మనం అమ్మేసిన పాత ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ పెరడంతా ఇప్పుడు సిమెంటు చేసేశారు. పాపం ఆ ఇంటావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఎవరు రమ్మన్నారమ్మా?" అని అడిగిందట. "మా చిన్నోడు ఉత్తరం రాశాడు, కొమ్మలు కత్తిరించమన్నాడు" అందట అమ్మ.

ఇన్నాళ్లూ ఆ మెయిళ్లన్నీ నువ్వే రాస్తున్నావనుకుందిరా. నువ్వేమో లారీ ఎక్కితే పది రోజులు పలకవు. పక్కనే ఉండే నన్ను నర్సమ్మా అని పిలుస్తోంది.

పత్రిక మాత్రం ఇంకో ఏడాదికి కట్టాను. మెయిల్లోలా రెండు ముక్కలైతే చదువుతుంది గానీ పెద్ద వ్యాసాలు చదవలేదు; అయినా బొమ్మలు చూసి పూల పేర్లన్నీ తప్పు లేకుండా చెబుతుంది.

నిన్నటి నుంచి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. "చిన్నోడికి నా మీద కోపమొచ్చిందా?" అని ఇందాక పడుకునే ముందు అడిగింది.

– అక్క

నువ్వు ఎదురుగా కూర్చున్నా గుర్తుపట్టకపోవచ్చు, నొచ్చుకోకు. పక్క గదిలోకి వెళ్లి ఆ ఫోన్‌కి రెండు ముక్కలు రాసి పంపు.