ఏజెంటు రాసిచ్చిన ముద్దుమాటలు

కన్నకూతురి మీద ఇంగ్లీషు నేర్చుకుని, ఆ ఇంగ్లీషును కువైట్‌లో పరాయి పిల్లలకి పట్టుకుపోయావు, అక్కా. ఆయా పనికని రాజోలు ఏజెంటు తెలుగు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం చూస్తూ, సుగుణని ఒళ్ళో వేసుకుని నెల్లాళ్ళు వల్లించావు. గుడ్ గర్ల్. నాటీ బాయ్. డోంట్ క్రై బేబీ, మమ్మీ కమింగ్. రెండేళ్ళ పిల్ల, అవన్నీ తనకే చెబుతున్నావనుకుంది.

నువ్వు వెళ్ళి నాలుగేళ్ళు. నేను రాసిన మూడు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. ఇదీ నువ్వు చదవవని తెలుసు.

నిన్న రావులపాలెంలో లారీకి అరటిగెలలు ఎక్కించి ఇంటికొచ్చేసరికి, పక్కింటి రత్నం పిన్ని మనవడు ఏడుస్తున్నాడు. సుగుణ వాణ్ణి ఎత్తుకుని, "డోంట్ క్రై బేబీ, మమ్మీ కమింగ్" అంటోంది.

"అంటే ఏంటే?" అంది పిన్ని.

"అమ్మ వచ్చేత్తాదనండి."

"మీ అమ్మా?"

"కాదండి, ఈడి అమ్మ. ఆవిడ రేవుకే కదండీ ఎళ్ళింది."

"నీకున్న బుర్ర మీ అమ్మకి లేకపోయిందే" అని పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం సుగుణని బళ్ళో వేస్తున్నాను. బావ ఎలాగూ లేడు. సంరక్షకుడి గడిలో నా పేరు రాయించి, నా అంతట నేను నేర్చుకున్న అక్షరాలతో సంతకం పెడతాను. అక్కడ నీ పేరు ఉండాలంటే ఆదివారంలోగా జాబు రాయి. నాకు కాదు, దానికి. తెలుగులో రాయి.