ప్రశ్న అడిగాక ఆగడం

రమణా,

నువ్వు పోయాక రెండో తద్దినం నిన్ననే పెట్టాం. ఈరోజు అంగన్‌వాడీ టీచర్లకు ఆత్మకూరులో శిక్షణ ఉంటే వెళ్లాను. శిక్షణ ఇచ్చింది ఎవరనుకున్నావు? ఉదయగిరి బడిలో నీకు మెమో ఇచ్చిన హెడ్మాస్టరే.

నువ్వు నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని పరిశోధన వ్యాసాలు చదివేవాడివి. ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించే సమయం ఇవ్వాలని వాటిలో చూసి, క్లాసులో మాట్లాడకుండా ఆగేవాడివి. "ఏంది సారూ, మన ఊర్లో చెక్కే కొయ్యగరిటె మాదిరి నిలబడినావు?" అని ఆయన పిల్లల ముందే నవ్వాడు. పాఠం చెప్పడం లేదని మెమోలో రాశాడు. అయినా నువ్వు సాయంత్రం ఇంటికొచ్చి, "అక్కా, ఈపొద్దు తొందరపడినాను. ఒక పిల్ల నోరు తెరిచేలోపల జవాబు నేనే చెప్పేసినాను" అని నిన్ను నువ్వే తప్పుపట్టుకునేవాడివి.

ఈరోజు ఆయన తెర మీద అవే మాటలు చూపించి, "ప్రశ్న అడిగినాక ఆగండమ్మా, పరిశోధనలు చెప్తుండాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నీ పేరు ఆ హాల్లో ఒక్కసారి వినపడితే చాలనుకున్నాను. చివర్లో, "ఎవరికన్నా డౌట్లుండాయా?" అని అడిగాడు. వేంకటేశ్వరస్వామిని తలుచుకుని చెయ్యి ఎత్తబోయాను. "లేవు గదా, భోజనాలకు పదండి" అంటూ మైకు కట్టేశాడు.

సాయంత్రం దీపం ముందు, ఎప్పటిలాగే అందరూ చల్లగా ఉండాలని మొక్కాను. ఆయన్ని మాత్రం ఆ అందరిలో కలపలేకపోయాను, తమ్ముడూ.