పార్టిసిపెంట్ నంబర్ తొమ్మిది

జూన్ 11, 2024

ఘనత వహించిన నా ఎం.ఏ. డిసర్టేషన్ సికింద్రాబాద్ క్రైస్తవ కుటుంబాల ఆదరణ కూడికల మీద. అంటే, మనిషి పోయిన ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే నేను మూల కూర్చుని రాసుకుంటాను. దీన్ని పార్టిసిపెంట్ అబ్జర్వేషన్ అంటారు. పార్టిసిపేషన్ అంతా భోజనాల దగ్గరే.

ఈరోజు కార్ఖానా ఏరియాలో దేవసహాయం అంకుల్‌ది. మా చర్చికి ఇరవై ఏళ్లు సెక్రటరీ. పదకొండు మంది సాక్ష్యం చెప్పారు. పదకొండు మందికీ ఆయన దేవుడిచ్చిన మనిషే. కొడుకు శాంతికుమార్ అన్న మైకు దాకా వెళ్లి, ఏమీ చెప్పకుండా వచ్చి కూర్చున్నాడు. దుఃఖం అని రాసుకున్నాను.

జూన్ 19

అంకుల్ భార్య రోసమ్మ ఆంటీ ఇంటర్వ్యూ. నా లెక్కలో పార్టిసిపెంట్ 9. కన్సెంట్ ఫారం చదవకుండానే సంతకం పెట్టింది. కూడిక అయ్యాక ఏమనిపించిందని అడిగాను. ఏడుస్తుందేమోనని టిష్యూలు సిద్ధం.

"ఆకలేసింది బాబూ. ఇంక స్కూటర్ చప్పుడు కోసం చెవులు రిక్కించే పన్లేదు గదా. రెండోసారి పెట్టించుకుని తిన్నా."

ముప్పై ఆరేళ్లు. చెయ్యి, బెల్టు, ఒకసారి కుక్కర్ మూత. కూరలో ఉప్పెంతో చెప్పినట్టు చెప్పింది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. తల ఊపడం కూడా టెక్నిక్కే.

నాకేమీ అనిపించలేదు.

జూన్ 21

గైడ్ స్వర్ణలత మేడం ఆంటీ ఇంటర్వ్యూ చదివి, ఇది బంగారం అంది. నాకేమీ అనిపించలేదని చెబితే రిఫ్లెక్సివిటీ సెక్షన్‌లో, అంటే పరిశోధకుడు తన గురించి రాసుకునే చోట, ఒక పేరా రాయమంది.

జూలై 2

ఈరోజు మెంబర్ చెక్. రాసింది మాట్లాడిన వాళ్లకే తిరిగి చూపించి, సరేనా అని అడగాలి. మర్యాదైన పద్ధతి. నేను పద్ధతి గల మనిషిని. ఆంటీ మహిళా కూడికకు వెళ్లిందట. కవరు కోడలు ఫెయిత్ అక్క చేతిలో పెట్టి, టీ తాగి వచ్చాను.

కవరు అంటించలేదు. అయినా భయం లేదు, లోపల ఆంటీ పేరు "శ్రీమతి కమల". భర్త: చర్చి మాజీ సెక్రటరీ, కార్ఖానా, నీలం స్కూటర్. ఇక ఎవరు కనిపెడతారు.

సాయంత్రం 7

ఫెయిత్ అక్క ఫోన్ చేసింది. మా ఇంట్లో అన్నం తిని పోయినోడివి, గిట్లనా రాసేది అంది. అన్న మొత్తం చదివాడట. ఆంటీతో ఒక్క మాట మాట్లాడలేదట. ఆంటీ బ్యాగు సర్దుకుని అల్వాల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయిందట.

జూలై 3

అన్నం దిగింది. నిద్ర పట్టింది. అదే ఆశ్చర్యం.

జూలై 5

అల్వాల్ వెళ్లాను. రికార్డింగ్ తీసేస్తానని, అంతా నేనే కల్పించి రాశానని అన్నకు చెబుతానని అన్నాను. బస్సులో ప్రాక్టీసు చేసుకున్న వాక్యాలు. ఆంటీ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వింది.

"ముప్పయ్యారేళ్లు ఆ అబద్ధం నేనాడాను. ఇప్పుడు నువ్వెత్తుకోమాకు."

తర్వాత చిక్కుడుకాయలు నా ముందుకు కూడా తోసింది. చీకటి పడేదాకా ఈనెలు తీశాను.

జూలై 7, ఆదివారం

ఆరాధన అయ్యాక శాంతికుమార్ అన్న గేటు దగ్గర ఆపాడు. కొడతాడనుకున్నాను. రేపు ఇంటికి రా, మెషిన్ తెచ్చుకో అన్నాడు.

జూలై 8

అల్వాల్ నుంచి ఆంటీని తనే తీసుకొచ్చాడు. ఫారం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. రికార్డర్ ఆన్ చేశాను. అన్న అటు తిరిగి చొక్కా విప్పాడు. వీపు నిండా పాత బెల్టు మచ్చలు.

పదకొండు నిమిషాల ఆడియో. ఫ్యాను, వీధిలో ఉల్లిగడ్డల బండి. ఆంటీ చెయ్యి అన్న వీపు మీద ఆనిన చప్పుడు మెషిన్‌కు అందలేదు.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇక్కడ ఏం టైప్ చెయ్యాలి?